హస్తవాసి

"మామూలు యాంటీబయాటిక్స్ ఏవీ ఈమెకు పనిచేయడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే. దానివల్ల కిడ్నీలు దెబ్బతినొచ్చు," అన్నాడు ప్రొఫెసర్, మంచం చుట్టూ మూగిన మెడికల్ విద్యార్థులతో. తర్వాత మంచంవైపు తిరిగాడు.

"చీటికీమాటికీ ఈ మందులు మింగమన్న మహానుభావుడు ఎవరమ్మా?"

ముసలావిడ విద్యార్థుల వంక ఓసారి చూసింది.

"ఎవరూ లేరు బాబూ. నేనే షాపులో కొనుక్కునేదాన్ని. జ్వరం తగ్గగానే మానేసేదాన్ని."

వెనక నక్కిన క్లాస్ ఫస్టు అమ్మాయిని ప్రొఫెసర్ ముందుకు పిలిచాడు. "అలా ఎందుకు చేయకూడదో ఈవిడకి చెప్పు."

మధ్యలో మానేస్తే మొండి క్రిములు మిగిలిపోతాయని, అవి పెరిగాక ఆ మందుకు లొంగవని అమ్మాయి ఎక్కడా తడబడకుండా చెప్పింది. ముసలావిడ బుద్ధిగా తలూపింది.

"చూశారా, రోగికి ఇలా చెప్పాలి," అంటూ ప్రొఫెసర్ అందరితో పక్క మంచానికి కదిలాడు.

ముసలావిడ ఆ అమ్మాయి తెల్లకోటు పట్టుకుని ఆపింది.

"ఎంత బాగా చెప్పావే నా తల్లీ! నీ పేరు బయటపెడతానని హడలిపోయావు కదూ?"

"మెల్లగా, అమ్మమ్మా."

"సర్లే. ఆయన మందు నాకు పడదుగానీ, ఎప్పుడూ నువ్విచ్చే ఆ ఎర్ర బిళ్ళలు ఓ రెండు తెచ్చిపెట్టు. నీ హస్తవాసి ఇక్కడ ఎవరికుందే?"