బురుజు తలుపు

కోట తాళంచెవి కావాలంటే గుర్తింపు కార్డు ఒకటి తన దగ్గర పెట్టి వెళ్లాలంది ఎర్మెలిందా మామ్మ. ఆ పోర్చుగల్ సరిహద్దు ఊళ్లో తాళంచెవి ఉండేది ఆమె వంటింట్లోనే.

ఇల్డా భర్త జేబులోంచి రెండు కార్డులూ తీశాడు. తనది మళ్లీ జేబులో వేసుకుని ఇల్డాది ఇచ్చాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె కార్డూ, ఫోనూ అతని దగ్గరే ఉంటాయి. ఈ నాలుగు రోజుల్లో చూసిన ఆరు కోటల్లో, మూడు పెద్ద చర్చిల్లో ఆమె ఒక్క క్షణం ఒంటరిగా లేదు.

"మెట్లెక్కితే నీకు ఆయాసం. ఇక్కడే కూర్చో, కదలకు," అని తాళంచెవి తీసుకుని కోట బురుజు ఎక్కడానికి వెళ్లాడు.

"మామ్మా, పన్నెండింటి బస్సు వంతెన దాటి స్పెయిన్‌కేగా? అక్కడ మా అక్కుంది. నా కార్డు ఇచ్చేయండి."

మామ్మ బంగాళాదుంపల మీంచి తల ఎత్తలేదు. "తాళంచెవి వస్తేనే కార్డు. బిషప్పుగారికైనా ఇంతే."

ఇల్డా కళ్లు తుడుచుకుంది.

"ఏడుపెందుకే పిల్లా? ఆయనే తేవాలన్నానా? తాళంచెవి బురుజు తలుపుకే ఉంటుంది. పోయి పట్రా."

ఇల్డా పరుగెత్తింది. కాసేపటికి రొప్పుతూ వచ్చి, తాళంచెవి బల్లమీద పెట్టింది.

"ఎంత లాగినా ఊడలేదు మామ్మా. తాళం వేస్తేగానీ రాలేదు. ఆయన లోపలే ఉన్నాడు."

"దానికదే జబ్బు, మా అమ్మ నాటి నుంచీ," అంటూ మామ్మ కార్డు ఆమె చేతిలో పెట్టింది. "నువ్వు బస్సెక్కు. సూప్ ఉడికాక నేనెళ్లి తీస్తాలే."