రెండో శనివారం, పది నుంచి పన్నెండు

“ఫ్లాట్ నుంచి వద్దన్నరు సార్.”

గేటు దగ్గర సెక్యూరిటీ వీరేశం చేతిలోని ట్యాబ్ చూసి ఆ మాట అనేసరికి పెంటయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది మూడోసారి.

“ఎవరొద్దన్నరు? మా కోడలేనా?”

“ఫ్లాట్ నంబర్ పదకొండు వందల నాలుగు అనే వస్తది సార్ మాకు. ఆళ్లు ఫోన్ల నొక్కినంక పచ్చగొస్తే పంపుతం, ఎర్రగొస్తే ఆపుతం. గంతే.”

ముప్ఫై ఏళ్లు మియాపూర్ డిపోలో బస్సు నడిపిన మనిషి పెంటయ్య. ఎర్ర లైటు దగ్గర ఆగడం ఆయనకు కొత్త కాదు. కానీ సొంత మనవరాలిని చూడటానికి ఈ ఎర్ర లైటేమిటి? జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం వీరేశం ముఖానికి దగ్గరగా పెట్టాడు.

“కోర్టు ఆర్డర్ ఇది, చదువు! తాత, నానమ్మ నెలకోసారి, రెండో శనివారం, పది నుంచి పన్నెండు దాక పిల్లను చూడొచ్చు. తల్లి ఇంట్లనే. జడ్జి రాసిండు. జడ్జి కంటే నీ డబ్బా పెద్దదా?”

“నా మీద గరమైతే ఏం లాభం సార్? పంపితే నా నౌకరి పోతది.”

భార్య కిష్టమ్మ గేటు పక్కన గట్టు మీద కూలబడింది. మనవరాలి కోసం చేసి తెచ్చిన గరిజెల డబ్బా ఒళ్లో పెట్టుకుంది. “ఆలుమగలు ఇడిపోతే మనమేం పాపం చేసినమయ్యా? పింకీని చూడక ఎనిమిది నెలలాయె,” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి పెంటయ్య కోపం ఇంకో మెట్టెక్కింది.

కొడుక్కి ఫోన్ చేశాడు. సాయిచంద్ వెంటనే ఎత్తాడు.

“మళ్ల రానియ్యలేదురా!”

“దాని సంగతి నీకు ఎరుకే కద నాయినా. గేటు కాడ ఫోటో దిగి వచ్చెయ్యుండ్రి. లొల్లి పెట్టకు, దానికి ఫోన్ గిట్ల చెయ్యకు, రికార్డు చేస్తది. ఇగ మూడుసార్లాయె. కోర్టు మాట వింటలేదని సోమవారం పిటిషన్ ఏద్దాం. పింకీ మనకే వస్తదంటున్నడు వకీలు. నువ్వు సంతకం పెడితే చాలు.”

“పెడ్తరా. ఒకటి గాదు, పది పెడ్త!”

వెనకటి రెండుసార్లూ కొడుకు మాట విని, ఫోటో దిగి, నోరు మూసుకుని రాయదుర్గంలో మెట్రో ఎక్కేశారు. ఈసారి పెంటయ్యకు కాళ్లు కదల్లేదు.

“నా కొడుకు పేరు మీదున్న ఇంట్ల కూసొని, నన్ను బయట నిలబెడ్తదా? పన్నెండు దాక ఈడనే ఉంట. ఎట్ల దిగిరాదో చూస్త!”

ఆయన చూస్తుండగానే పిజ్జా బండి లోపలికి పోయింది. నీళ్ల క్యాన్ల ఆటో పోయింది. కుక్కలకు స్నానం చేయించే వ్యాన్‌కు కూడా పచ్చగానే వచ్చింది. పెంటయ్య ఆ వ్యాన్ వంక చూసి పళ్లు నూరాడు.

పదకొండున్నరకు గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి కోడలు జ్యోత్స్న బయటికొచ్చింది. పింకీ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. కొత్త గౌను వేసుకుంది గానీ ఏడ్చి ఏడ్చి దాని కళ్లు వాచిపోయాయి. మామగారిని చూడగానే జ్యోత్స్న ఆగిపోయింది. పెంటయ్య నోరు తెరిచేలోపే ఆమే అందుకుంది.

“ఇప్పుడా మామయ్యా రావడం? మూడు నెలల నుంచి రెండో శనివారమంటే ఇది పొద్దున్నే లేచి, తయారై తలుపు కాడ కూసుంటది. తాత రాడు, నానమ్మ రాదు. ఏడ్పు ఆపుతలేదని ఇప్పుడు పార్కుకు తీస్కపోతున్న. కొట్లాడి ఆర్డర్ తెచ్చుకున్నరు, ఒక్కసారన్న వచ్చిన్రా? చిన్నపిల్లతోని గిదేం ఆట?”

పెంటయ్య చేతిలోని కాగితం ఆమె ముఖం ముందు ఊపాడు.

“నువ్వే వద్దని నొక్కి, నన్నే అడుగుతవా? మూడుసార్లూ పదింటికే వచ్చిన! ఫోటోలున్నయ్. సోమవారం కోర్టుల పెడ్త. పిల్లను నీ దగ్గర్నుంచి గుంజుకోకపోతే నా పేరు పెంటయ్యే గాదు!”

పింకీ భయపడి తల్లి వెనక్కి నక్కింది. తాతను చూసి పిల్ల అలా భయపడటం ఎన్నడూ లేదు. అది చూసి కూడా ఆయన నోరు మూతపడలేదు.

“సిగ్గు లేకుండ అబద్ధాలాడుతున్నవ్!”

“నేనేం నొక్కలే!” జ్యోత్స్న కూడా గొంతు పెంచింది. “నా ఫోన్‌కు మీ పేరు రానే రాలే. పింకీ మీద ఒట్టు!”

“ఆపుండ్రి ఇద్దరు!” కిష్టమ్మ లేచి నిలబడింది. “కన్నబిడ్డ మీద ఒట్టేసింది పిల్ల. మరి ఎవరు నొక్కిన్రు?” వీరేశం వైపు తిరిగింది. “ఓ బిడ్డా, నొక్కినోళ్ల పేరు నీ డబ్బాల ఉండదా?”

“ఉంటది పెద్దమ్మా, లోపల పాత లెక్కల్ల చూడాలె. జర ఆగు.” వీరేశం ట్యాబ్ మీద వేలు జరిపాడు. “మేడమ్‌ది రెండో నంబర్. మొదటి నంబరోళ్లు ఎత్తకపోతేనే ఆమెకు పోతది. మూడుసార్లూ మొదటోళ్లే ఎత్తి వద్దన్నరు.”

“చదువు!” పెంటయ్య ఉరిమాడు. “నా పిల్లను నాకు గాకుండ చేసినోడెవడో గట్టిగ చదువు! వాన్నే కోర్టుకు గుంజుత!”

వీరేశం గట్టిగానే చదివాడు.

“ఓనర్, సాయిచంద్.”