రద్దు కాని సీటు

రాత్రంతా జరిగే చర్చి ప్రార్థనకు ముంబువా వారం కిందటే ఫోన్‌లో చర్చి వెబ్‌సైటు తెరిచి తన పేరూ కొడుకు పేరూ ఇచ్చింది. వాళ్లుండే మచాకోస్ ఊళ్లో చర్చి వ్యాను గుమ్మం ముందుకే వచ్చి, పేరిచ్చినవాళ్లు ఎక్కేదాకా హారన్ కొడుతూనే ఉంటుంది. ఇప్పుడేమో పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. ఇప్పుడిప్పుడే కాస్త కునుకు పట్టింది. ఆ హారన్‌కు లేచాడంటే మళ్లీ ఏడుపే.

వెబ్‌సైటులో రద్దు అని నొక్కితే ముందు ఖాతాలోకి రమ్మంటోంది. ఆమె ఖాతా లేకుండా అతిథిగానే పేరిచ్చింది. పోనీ కొత్తది తెరుద్దామంటే, ఈ నంబరుతో ఖాతా ఉందంటోంది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. విసుగెత్తి, వ్యాను నడిపే బ్రదర్ కిలొంజోకు ఫోన్ చేసింది.

"బ్రదర్, మేం రావట్లేదు. మా పేర్లు కొట్టెయ్యండి. చేర్చుకునేటప్పుడు ఏమీ అడగలేదు, తీసెయ్యమంటే మాత్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతోంది మీ వెబ్‌సైటు."

అవతల ఇంజను చప్పుడు, ఎవరివో పాటలు. కిలొంజో నవ్వాడు.

"వెనక సీట్లో కూర్చుని నాకు ఫోనేంటి సిస్టర్? మీ వీధి దాటి చాలాసేపైంది. హారన్ కూడా కొట్టనివ్వలేదుగా, ముందే గుమ్మంలో నిలబడ్డావు."

"నేను ఇంట్లోనే ఉన్నాను బ్రదర్."

"సరేలే, మెల్లగా మాట్లాడు. బాబు నీ ఒళ్లో పడుకున్నాడు. జ్వరం కూడా పోయి ఒళ్లు పూర్తిగా చల్లబడిపోయిందని ఇందాక నువ్వేగా చెప్పావు."

ముంబువా వెనక్కి తిరగకుండానే, పిల్లవాడు పడుకున్న మంచం మీదికి చెయ్యి చాపింది. ముందు దుప్పటి తగిలింది, చల్లగా.