పదిహేడో నంబరు

ఆరు గాజు గొట్టాలూ బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడి ఉన్నాయి.

ప్రణవి ఒకదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. మొన్న సాయంత్రం దాకా గాజుకు అంటుకుని మెల్లగా పాకిన అమీబాలు ఇప్పుడు ఉండలు చుట్టుకుని చచ్చి ఉన్నాయి. వాటి చుట్టూ బాక్టీరియా కుప్పలుగా మెదులుతోంది.

అవి పదిహేడో నంబరు అమీబాలు. మనిషి పేగుల్లో చేరి, కాలేయానికి పాకి, దాన్ని చీముగా మారుస్తాయి. ఆమె ఈ ల్యాబ్‌లో చేరకముందే ఎవరో రోగి నుంచి తీసినవి. దవాఖాన నుంచి నంబర్లే వస్తాయి, పేర్లు రావు. కాలేయాన్ని తినే ఆ గుణం ఏ జన్యువుదో పట్టుకోవడానికి ప్రణవికి నాలుగేళ్లు పట్టింది. ఇక దాని ప్రోటీన్‌ను విడదీయడమే మిగిలింది. గడ్డకట్టించి దాచినవి వేసవిలో ఫ్రీజర్ చెడిపోయి పోయాయి. ఈ ఆరు గొట్టాలే ఆఖరివి.

పక్క వరుసలో వేరే నంబర్లవన్నీ క్షేమంగా ఉన్నాయి. ఎవరో ఏరి మరీ వీటి మూతలే తీశారు.

నిన్న ల్యాబ్‌కు సెలవు. తాళంచెవి అటెండర్ బిచ్చయ్య దగ్గర ఉంటుంది.

“కాకా, నిన్న లోపలికి ఎవరొచ్చిన్రు?”

“ఎవరు రాలే మేడం. నేనొక్కన్నే.” సింకు దగ్గర సీసాలు కడుగుతున్న బిచ్చయ్య తలెత్తలేదు.

“మరి గీ మూతలెవరు తీసిన్రు?”

“నేనే తీసిన.”

బుకాయిస్తాడనుకునే వచ్చింది ప్రణవి.

“మనతోని పోటీ పడే పై అంతస్తు ల్యాబోళ్లు చెప్పిన్రా? ఏమిస్తమన్నరు నీకు?”

“అసొంటోన్ని కాదు మేడం నేను.”

“మూత తీస్తే పాడైతదని తెల్వదా? నేను చేరినప్పుడు నాకు చెప్పిందే నువ్వు.”

“తెల్సు. గందుకే చేతులు స్పిరిట్‌తోని తుడుసుకున్న. మాస్క్ పెట్టుకున్న. దీపం ముట్టిచ్చి గొట్టం మూతి జర మంటకు చూపిచ్చిన, మీరు చేసినట్టే. ఒక్కోదాంట్ల ఒక్క చుక్కనే ఏసిన.”

“ఏం చుక్క?”

బిచ్చయ్య కొళాయి కట్టేశాడు.

“పాయసం.”

“పాయసమా? తాగొచ్చినవా కాకా?”

“నిన్న ముట్టలే. పొద్దుగాల ఆబిడ్స్‌ల పాలు కొనుక్కపోయి నేనే వండిన. సేమియా పాయసం. స్టీలు డబ్బల పోసుకొని తెచ్చిన.”

“అవి రోగం పురుగులు. మనుషుల్ని చంపుతయి. వాటికి పాయసం ఏంది?”

“ఔ మేడం, చంపుతయి. నాకెరికె.”

ప్రణవి కాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది. “పదకొండింటికి డైరెక్టర్ విద్యావతి మేడం వస్తరు. రాసిస్తున్న. నీ నౌకరి ఉండదు. నా నాలుగేండ్లు పోనే పోయినయి. ఇప్పుడన్న నిజం చెప్పు.”

బిచ్చయ్య దగ్గరికొచ్చాడు. ఆ కాగితం వంక చూడలేదు. ఒక్కో గొట్టాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, చప్పుడు కాకుండా స్టాండులో పెట్టాడు.

“సచ్చినయా మేడం? అన్ని?”

“అన్నీ.”

అతను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. నాంపల్లి స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడి ఆగింది.

“నిన్న పెత్రమాస గద,” అన్నాడు చివరికి. “పోయినోళ్లకు అందరు పెట్టుకున్నరు. నేను నా కొడుక్కు పెట్టుకున్న మేడం. దవాఖానల గివి వాని కార్జంలకెల్లే తీసిన్రు, నా చేతికే ఇచ్చి పంపిన్రు.”