ఒకే రక్తం, రెండు రీడింగులు

“తిన్నానని ఒప్పుకోండి పెద్దాయనా. మీ షుగర్ మూడొందల నలభై.”

డాక్టర్ చక్రపాణి మీటరును బిక్షమయ్య కళ్ల ముందు పెట్టాడు.

సకల జనుల సమ్మె రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ రిలే నిరాహారదీక్ష టెంటు. సాయంత్రం నాలుగైంది. పొద్దున కూచున్నవాళ్లు ఐదింటిదాకా ఏమీ తినకూడదు.

“ఒక్క మెతుకు ముట్టలే సారు,” అన్నాడు బిక్షమయ్య. “షుగరు మా రక్తంలనే ఉన్నది. మా నాయనకుండె, తాతకుండె.”

“రక్తమే అయితే ఈయన సంగతేంటి?”

డాక్టర్ వెనక వరసలోని రామస్వామిని చూపించాడు. బిక్షమయ్య కవల తమ్ముడు. అచ్చు గుద్దినట్టుంటాడు. అతని షుగర్ నూటపది.

“ఒకే కడుపున పుట్టారు. ఇద్దరికీ షుగరుంది. పొద్దున ఒకే మాత్ర వేసుకున్నారు. వంశంలో వచ్చేది సగమేనండీ. మిగతా సగం మన తిండి, మన చుట్టూ ఉన్నవీ చేస్తాయి. ఇక్కడ టెంటూ ఒకటే, పస్తూ ఒకటే. మరి తేడా ఎక్కణ్ణుంచొచ్చింది?”

“మీటరు గుంటూరుది గావచ్చు,” అన్నాడు రామస్వామి.

“నేనే గుంటూరు. మీటరు కాదు.”

శిబిరం నడిపే సతీష్ మొహం మాడిపోయింది. “కాకా, గిది పేపర్ల పడితే ఉద్యమం ఇజ్జత్ పోతది. తిన్నవా? చెప్పి సప్పుడు జెయ్యక ఇంటికి పో.”

“అరవై ఏండ్లొచ్చినయి బిడ్డా. దొంగతిండి తిన్నోడన్న పేరుతోని మీర్‌పేట్‌ల ఎట్ల తిరగాలె?”

బిక్షమయ్య కండువా దులిపాడు. అంగీ జేబులు తిరగేశాడు. బీడీకట్ట పడింది, అంతే.

“చిన్నప్పుడు బెల్లం దొంగిలించెటోడు సారు,” అన్నాడు రామస్వామి. “గని ఇయ్యాల నేను జూస్తనే ఉన్న. ఏం నమల్లే.”

“మీ ఇద్దరికీ ఇంకేదో తేడా ఉండాలి. ఆలోచించండి.”

“ఏముంటది సారు. నాది ముందు వరస, ఆనిది వెనక వరస.”

“వరసకీ షుగరుకీ ఏంటండీ సంబంధం?”

బిక్షమయ్య నోరు తెరిచేలోపే టెంటు ముందు జీపు ఆగింది. ఖద్దరు చొక్కా నాయకుడొకడు దిగి, ముందు వరసలో మొదటి మనిషి దగ్గరికి నడిచి, ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి నవ్వుతూ, అడుగున చక్కెర పేరుకున్న నిమ్మరసం గ్లాసు బిక్షమయ్య నోటికి ఆనించాడు.

సతీష్ మైకందుకున్నాడు. “మిత్రులారా, పొద్దున్నుంచి బిక్షమయ్య కాక దీక్షను విరమింపజేసిన పదకొండో నాయకుడు గీ అన్ననే.”