తెల్లగీత మీద నడక

తాగి బండి నడిపాడన్న కేసులో రేపు ఓడితే లైసెన్సు పోతుంది, డ్రైవరు ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. పోలీసులు తెల్లగీత మీద నడిపించినప్పుడు తూలింది రోడ్డు వాలు వల్లేమోనని, చుక్క ముట్టని లాయరు రాత్రి అతనితో అక్కడికే వచ్చాడు. రసమట్టం పెట్టి చూశాడు. నేల చదునుగానే ఉంది.

దేవుణ్ణి తలుచుకుని తెల్లగీత మీద తానే నడిచాడు. నాలుగో అడుగులో ఎవరో మోచెయ్యి పట్టి మెల్లగా లాగారు. కాలు గీత దాటింది.

"వేళాకోళమా? వదులయ్యా!"

"నేను కార్లోనే ఉన్నాను సార్," దూరం నుంచి డ్రైవరు కేకేశాడు. "మీకూ ఎడమ చెయ్యే పట్టుకుందా? చెబితే నిజంగానే తాగావంటారని నోరు మెదపలేదు."

లాయరు ఎడమ పక్కకు తిరిగి చూశాడు, అక్కడ ఎవరూ లేరు. మోచేతి మీద పట్టు ఇంకా సడలలేదు.