మెరిసే నలుగుపిండి

అడవి చెరువు అడుగున నల్లెండ్రి అనే ముసలి ఎండ్రకాయ ఉండేది. పొద్దున్నే బురద నమిలి, తినగలిగింది తిని, మిగిలింది ఉండలు చేసి బొరియ ముందు పెట్టడం దాని అలవాటు. ఈమధ్య ఆ బురదలో ఆవగింజకన్నా చిన్న నీలం పూసలు తగులుతున్నాయి. అరగవు, కరగవు. వాటిని మింగిన చేపపిల్లలు కడుపు నిండిందనుకుని మేత మానేసి పుల్లల్లా చిక్కిపోతున్నాయి.

ఆ పూసలు కొంగ అమ్మే నలుగుపిండిలోవి. బాతులు చెరువులో దాన్ని రుద్దుకుని మెరిసిపోతుంటాయి.

నల్లెండ్రి గోల పెట్టగా పెట్టగా, పెద్ద తాబేలు పంచాయితీ పెట్టింది. "ఇకమీదట చెరువు నీళ్లలో ఎవరూ పూసల పిండి రుద్దుకోకూడదు" అని తీర్పు చెప్పింది. అందరూ సంబరపడ్డారు. కొంగ మరీ ఎక్కువ సంబరపడింది. నల్లెండ్రికి అక్కడే అనుమానం పుట్టింది. 'నోటికాడి కూడు పోయినోళ్లు ఇలా ఇకిలిస్తారా?'

మర్నాడూ బురదలో పూస తగిలింది. గట్టెక్కి చూస్తే కొంగ దుకాణం కళకళలాడుతోంది.

"తీర్పు నీళ్లకే కదా పిన్నీ! ఇప్పుడందరూ గట్టు మీదే రుద్దుకుంటున్నారు" అంది కొంగ.

"మరి కడుక్కునేదెక్కడ?"

కొంగ అటు తిరిగి ఇంకో బాతుకు పిండి పొట్లం కట్టసాగింది.

నల్లెండ్రి నేరుగా తాబేలు దగ్గరికెళ్లి పూసను దాని ముందు ఉమ్మింది. "పెద్దయ్యా, తీర్పులో 'నీళ్లలో' అన్న మాట పెట్టమని నీకు చెప్పిందెవరు?"

తాబేలు గభాలున తల లోపలికి లాక్కుంది. ఇక డొప్ప ఒక్కటే కనబడుతోంది. ఏళ్ల తరబడి పాచి పట్టి ఉండే ఆ డొప్ప ఇవాళ అద్దంలా మెరుస్తోంది. దాని గాడిలో ఓ నీలం పూస ఇరుక్కుని ఉంది.